రోమ్‌లో మొదటి రోజు మా అమ్మని గేటు బయట కూర్చోబెట్టినందుకు ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

ఇది నేను మీకు రాస్తున్న నాలుగో లెటర్. మొదటి మూడింటికి ఒక్క మనిషి కూడా జవాబివ్వలేదు. అందుకే ఈసారి జరిగిందంతా మొదట్నుంచి రాస్తున్నా, దయచేసి చివరిదాకా చదవండి.

మే నెలలో మీ యూరప్ ప్యాకేజీలో మేం ఐదుగురం రోమ్ వెళ్ళాం. మొదటి రోజు పొద్దున 10:15కి కొలోసియం, అంటే పాత రోమన్ల కాలంలో పోటీలు జరిగిన పెద్ద రాతి స్టేడియం. మా నాన్న స్కూల్లో సోషల్ మాస్టారు. ఇంట్లో అన్నం తింటూ కూడా దాన్ని రోమన్ చక్రవర్తి వెస్పాసియన్ కట్టడం మొదలుపెట్టాడు, క్రీ.శ. 80లో కొడుకు టైటస్ తెరిచాడు అని చెప్పేవారు. ఆయన చూడకుండానే పోయారు. 68 ఏళ్ళ మా అమ్మ ఆయన బదులు చూద్దామని వచ్చింది. అక్కడ టికెట్ మీద ఎవరి పేరుంటే వాళ్ళనే, పాస్‌పోర్ట్ చూసి మరీ లోపలికి పంపిస్తారు. మీరు పంపిన ఐదు టికెట్లలో రెండింటి మీద నా పేరే ఉంది, అమ్మ పేరు ఎక్కడా లేదు. గేటు దగ్గర వాళ్ళు మర్యాదగానే చెప్పారు, కొత్త టికెట్ కొందామంటే ఆ రోజుకి అన్నీ అయిపోయాయి. తప్పు ఎవరికైనా జరుగుతుంది, దాని గురించి నేను ఇంత రాయను. ఆ తర్వాత మీరు చేసిందే నాకు కడుపు మండిస్తోంది.

మీ 24 గంటల ఎమర్జెన్సీ నంబర్‌కి చేశా. పదకొండు నిమిషాలు మ్యూజిక్. తర్వాత ఒకమ్మాయి ఎత్తి బుకింగ్ నంబర్ అడిగి, ఇది మా డిపార్ట్‌మెంట్ కాదు సార్, టికెటింగ్‌కి ట్రాన్స్‌ఫర్ చేస్తా అంది, లైన్ కట్టయింది. మళ్ళీ చేస్తే ఇంకొకాయన, మళ్ళీ మొదట్నుంచి బుకింగ్ నంబర్, పేరు, స్పెల్లింగ్, అన్నీ చెప్పాక టికెటింగ్ వాళ్ళు లంచ్‌కి వెళ్ళారండి, అరగంటాగి చేయండి అన్నాడు. అక్కడ పది దాటితే మన దగ్గర ఒంటిగంటన్నర, అది నాకూ తెలుసు, కానీ ఎమర్జెన్సీ నంబర్‌కి లంచ్ ఏంటండీ? మూడోసారి ఎత్తినావిడ ఏమందంటే, మీ మదర్ గారిని బయట వెయిట్ చేయమనండి సార్, మిగతావాళ్ళు చూసేసి రండి, టికెట్లు వేస్టవ్వవు కదా అంది. ఆ మాట స్పీకర్‌లో అమ్మ విన్నది. వెంటనే, మీరెళ్ళండిరా, నేనిక్కడే కూర్చుంటా, బయటి నుంచి కనిపిస్తానే ఉందిగా అంది. పిల్లల్ని తీసుకుని మా ఆవిడ లోపలికి వెళ్ళింది, నేను అమ్మ పక్కన గట్టు మీద కూర్చుని మీ నంబర్‌కి చేస్తానే ఉన్నా. ఎండకి అమ్మ నోరెండిపోతుంటే రోడ్డు పక్కన కుళాయిలో చల్లటి నీళ్ళు పట్టి తెచ్చిచ్చా, రోమ్‌లో అవి ఎక్కడపడితే అక్కడ ఫ్రీగా ఉంటాయి. ఆ పూట మమ్మల్ని ఆదుకుంది ఆ కుళాయే.

మధ్యాహ్నం పాంథియన్ అనే పాత రోమన్ గుడికి వెళ్ళాం. ఆ గోపురం నడిమధ్యన దాదాపు 9 మీటర్ల వెడల్పు ఖాళీ, అందులోంచి వెలుగు సూటిగా పడుతుందంట. పడుతుందంట అని ఎందుకంటున్నానంటే నేను చూళ్ళేదు, మీవాళ్ళు కాల్‌బ్యాక్ చేస్తామన్నారని బయట ఆ పెద్ద గ్రానైట్ స్తంభాల దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడ్డా. కాల్ రాలేదు. మూడింటికి నేనే చేస్తే, ఆఫీస్ టైమ్ అయిపోయింది అని రికార్డింగ్. రోమింగ్ ఖర్చు నాది.

ఊరొచ్చాక మెయిల్ పెడితే ఒక కంప్లయింట్ నంబర్ వచ్చింది, నాలుగో రోజు మీ సమస్య పరిష్కారమైంది, మాకు ఐదు స్టార్లు ఇవ్వండి అని మెసేజ్. ఎవరు పరిష్కరించారు? ఎవరితో మాట్లాడి? విజయవాడ బ్రాంచికి రెండుసార్లు వెళ్ళా, మేనేజర్ గారు క్యాంపులో ఉన్నారన్నారు రెండుసార్లూ.

2016లో కాశీ, 2019లో సింగపూర్, రెండూ మీతోనే వెళ్ళాం. మా ఆఫీసులో మూడు ఫ్యామిలీలని నేనే మీ దగ్గరికి పంపించా, ఇప్పుడు వాళ్ళ మొహం చూడాలంటే నాకు సిగ్గుగా ఉంది. ఆ టికెట్ 18 యూరోలు, అదొక్కటీ వెనక్కిచ్చి సరిపెడతామంటే నేనొప్పుకోను. మీలో బాధ్యత ఉన్న ఒక మనిషి మా అమ్మకి ఫోన్ చేసి, అమ్మా తప్పు మాదే అని తెలుగులో చెప్పాలి. ఆ రోజుకి మా ఐదుగురి దగ్గర తీసుకున్న డబ్బులు మొత్తం ఇవ్వాలి. పదిహేను రోజులు చూస్తా. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తా, అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తా, కాల్ లిస్టు, మెసేజ్‌లు, ఆ రెండు టికెట్లు అన్నీ దాచిపెట్టా.

ఫోన్ చేసేటప్పుడు సాయంత్రం ఆరు తర్వాత చేయండి, మధ్యాహ్నం అమ్మ పడుకుంటుంది.

ఇట్లు,
తొమ్మిదేళ్ళుగా మీ కస్టమర్