శ్లాబుకీ రంగులకీ మధ్య టీవీ మింగేసిన రోజులు

సంపాదకులకు,

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల సొంతిల్లు మొదలుపెట్టినవాళ్లు ఈమధ్య సైటుకి ప్లాను కాగితం కన్నా ముందు ఫోను తెస్తున్నారు. అందులో ఏదో చానెల్లో వచ్చిన ఇల్లు ఉంటుంది. ఖాళీ స్థలం, వెంటనే శ్లాబు, ఆ వెంటనే రంగులు, గృహప్రవేశం. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. అది మేస్త్రీకి చూపించి ‘మనకెందుకింత ఆలస్యం’ అని అడుగుతున్నారు. పాపం మేస్త్రీ ఏం చెబుతాడు? సెంట్రింగ్ (శ్లాబు గట్టిపడేదాకా కింద నుంచి మోసే పలకలు, జాకీలు) నాలుగు రోజులు ముందే విప్పేస్తాడు.

ఈ కార్యక్రమాలు మొదటి నుంచీ ఇలా లేవు. అమెరికాలో బోస్టన్ పబ్లిక్ టీవీ స్టేషన్ డబ్ల్యూజీబీహెచ్ 1979లో ‘దిస్ ఓల్డ్ హౌస్’ మొదలుపెట్టింది. మొదటి విడత 13 భాగాలూ డార్చెస్టర్ పేటలోని ఒకే ఒక్క పాతింటి మీద. బాబ్ విలా ప్రశ్నలు అడుగుతుంటే వడ్రంగి నార్మ్ ఏబ్రమ్ చేసి చూపించేవాడు. చూసినవాళ్లకు పని తెలిసేది, పని ఎంతసేపు పడుతుందో కూడా తెలిసేది. 1989లో విలా ఆ కార్యక్రమం నుంచి బయటికి వెళ్లాల్సి వచ్చింది. తగాదా ఆయన చేసిన వ్యాపార ప్రకటనల దగ్గర వచ్చింది. సామాను అమ్మేవాళ్లకూ పని నేర్పేవాళ్లకూ మధ్య గోడ పల్చబడటం అప్పటికే మొదలైందన్నమాట.

1994లో ఇల్లూ తోట కోసమే హెచ్‌జీటీవీ అనే చానెల్ వచ్చింది. 1999లో బ్రిటన్ చానెల్ 4లో ‘గ్రాండ్ డిజైన్స్’ వచ్చింది. దాని వ్యాఖ్యాత కెవిన్ మెక్‌క్లౌడ్ ఇంటివాళ్లను మొదట్లోనే అడిగేవి రెండు: ఎంత పెడుతున్నారు, ఎప్పటికి అయిపోతుంది. చివర్లో మళ్లీ అవే అడుగుతాడు. చాలాసార్లు రెండు జవాబులూ మారిపోయి ఉంటాయి. అక్కడ ఎక్కువమంది బిల్డరు కట్టిన ఇల్లు కొనుక్కుంటారు కాబట్టి స్థలం కొని తామే కట్టించుకోవడం వాళ్లకు సాహసం కింద లెక్క. పని నేర్పడం కన్నా కథ చెప్పడం ఎక్కువైనా, వానలో ఆగిపోయిన పునాదిని, అయిపోయిన డబ్బుని దాచలేదు. కొన్ని ఇళ్లకు ఏళ్ల తర్వాత మళ్లీ వెళ్లి చూశారు కూడా.

2003లో అమెరికా ఏబీసీలో వచ్చిన ‘ఎక్స్‌ట్రీమ్ మేకోవర్: హోమ్ ఎడిషన్’తో లెక్క మారింది. వారం రోజుల్లో ఇల్లు. రాత్రీ పగలూ వందల మంది పని చేస్తారు, చివర్లో ఇంటివాళ్లు ఏడుస్తారు. 2013 నాటి ‘ఫిక్సర్ అప్పర్’ దగ్గరికి వచ్చేసరికి అసలు ఘట్టం, పాతింటి నిలువెత్తు ఫొటోను రెండుగా పక్కకు లాగి వెనకనున్న కొత్తింటిని చూపించడం. మనవాళ్లు తీసే ‘బిఫోర్, ఆఫ్టర్’ రీళ్లు దాని మనవలు.

అక్కడ ఏడు రోజుల్లో ఎలా అయిందో మనకెవరూ చెప్పలేదు. అక్కడి మామూలు ఇంటి గోడలు చెక్క చట్రం. మేకు కొట్టిన క్షణం నుంచే బరువు మోస్తుంది, మీద జిప్సం బోర్డు బిగిస్తే గోడ అయిపోయినట్టే. మన ఇంటిని మోసేది కాంక్రీటు. ఏడో రోజుకి దానికి వచ్చే బలం 28 రోజుల బలంలో మూడింట రెండు వంతుల దగ్గర ఉంటుంది, అదీ నీళ్లు సరిగ్గా పడితే. మనుషుల్ని పెంచి ఆ మిగతా మూడో వంతును తొందరపెట్టలేం.

తెలుగులో ఈటీవీ, జెమినీ 1995లో వచ్చాయి. ఎకరాకు ఎన్ని కిలోల విత్తనం, లీటరు నీటికి ఎన్ని మిల్లీలీటర్ల మందు అని పొద్దున్నే రైతుకు చెప్పే అలవాటు మన టీవీకి ఉంది. ఇంటికి ఆ మర్యాద దక్కలేదు. ఇంటికి దక్కినవి వాస్తు, వారాంతపు రియల్ ఎస్టేట్ స్పాన్సర్డ్ కార్యక్రమం, హోమ్ టూర్. ఇల్లు కట్టి చూడమని సామెత చెప్పుకునే మనకి, ఇల్లు కడుతుంటే చూపించేవాళ్లు లేరు.

చూపించాల్సింది ఎంత ఉందో ఒక్క శ్లాబు తీసుకుని చెబుతాను. వెయ్యి చదరపుటడుగులు, అయిదంగుళాల మందం. 417 ఘనపుటడుగులు, అంటే దాదాపు 12 క్యూబిక్ మీటర్లు. ఎం20 రకం కాంక్రీటుకి సిమెంటు, ఇసుక, కంకర 1:1½:3 పాళ్లలో వేస్తే బీములు కాక 95 బస్తాల సిమెంటు. బస్తాకు నీళ్లు 27 లీటర్లు దాటకూడదు, ఇసుకలో ఉన్న తడి కూడా ఆ లెక్కలోదే. మిల్లరు (కాంక్రీటు కలిపే యంత్రం) దగ్గర జరిగేది వేరు. మాలు (కలిపిన కాంక్రీటు) జారుగా ఉంటే తట్ట తేలిగ్గా ఖాళీ అవుతుందని ఇంకో అర బకెట్టు పోస్తారు. బస్తాకు పది లీటర్లు ఎక్కువైతే బలం సుమారు మూడో వంతు పడిపోతుంది. ఆ రోజు ఎవరికీ కనపడదు. పైగా జారు మాలు కెమెరాకి భలే అందంగా పారుతుంది! ప్లాంటులోనే కలిపి తెచ్చే రెడీమిక్స్ లారీ తెప్పించినా ఇదే జబ్బు. నీళ్లు కలిపిన రెండు గంటల్లోపు దింపాల్సిన సరుకు బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే, సైటు దగ్గర డ్రైవరు పైపు పెట్టి ‘లూజు’ చేస్తాడు. అలాంటి లారీని వెనక్కి పంపడం ఏ కార్యక్రమంలోనైనా చూశారా?

12 క్యూబిక్ మీటర్లకు రెండు శాంపిళ్లు, ఒక్కోదానికి మూడు చొప్పున ఆరు క్యూబులు తీయాలని కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. క్యూబు అంటే ల్యాబులో నలిపి బలం చూడటానికి 15 సెంటీమీటర్ల ఇనప అచ్చులో పోసే కాంక్రీటు దిమ్మ. ఏడో రోజుకే అంచనా కావాలంటే ఇంకో మూడు అదనంగా పోసుకోవాలి. సొంతిళ్ల దగ్గర ఈ అచ్చులు కనపడటమే అరుదు.

ఇక బాల్కనీ. టీవీ ఎలివేషన్లకు (ఇంటి ముందు రూపానికి) బాల్కనీ అంటే ప్రాణం, స్తంభం లేకుండా నాలుగడుగులు బయటికి. దాని కింద స్తంభం లేదు కాబట్టి కిందికి వంగుదామని చూస్తుంది, అప్పుడు లాగుడు పడేది పైభాగానికి. అందుకే మెయిన్ కడ్డీలు పైన ఉండాలి. అయిదంగుళాల శ్లాబులో పై కవరు (కడ్డీని కప్పే కాంక్రీటు మందం) 20 మిల్లీమీటర్లు పోను, 10 ఎంఎం కడ్డీ మధ్య నుంచి శ్లాబు అడుక్కి నూరు మిల్లీమీటర్ల లోతు దొరుకుతుంది. తట్టలు మోసేవాళ్లు దాని మీదే నడుస్తారు. కింద చైర్లు (కడ్డీతోనే వంచిన కుర్చీల్లాంటి కాళ్లు) లేకపోతే కడ్డీ రెండంగుళాలు దిగిపోతుంది. నూరు కాస్తా యాభై అవుతుంది, బాల్కనీ మోసే శక్తి సగానికి పడిపోతుంది. ఇనుము బిల్లులో మాత్రం తేడా ఉండదు, కడ్డీలన్నీ ఉన్నాయి కదా. చేయాల్సింది పెద్ద పనేం కాదు: మూడడుగులకొక చైరు, నడవడానికి చెక్కలు, బాల్కనీ వైపు పోస్తున్నంతసేపూ ఒక మనిషి చేత్తో కడ్డీ పైకి ఉందో లేదో చూస్తూ ఉండటం. విప్పేటప్పుడు జాకీలు బయటి కొస నుంచి గోడ వైపుకి తీయాలి. గోడ దగ్గరవి ముందు తీసి కొసన ఒక్కటి ఉంచితే, ఆ కొస ఆధారం మీద బాల్కనీ మధ్యలో కిందికి వంగుతుంది. అడుగున కడ్డీ ఉండదు కాబట్టి అక్కడ పగులుతుంది.

విప్పే రోజులకూ లెక్కుంది. ఆధారాల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల లోపున్న శ్లాబుకి జాకీలు ఏడు రోజులు, అంతకు మించితే పద్నాలుగు. ఆరు మీటర్ల లోపు బీములకి పద్నాలుగు, మించితే ఇరవై ఒకటి. ఇవి ఓపీసీ (మామూలు పోర్ట్‌ల్యాండ్) సిమెంటుకి. మన దగ్గర ఎక్కువగా వాడేది పీపీసీ (బూడిద కలిసిన సిమెంటు), అది నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి ఇంకొన్ని రోజులు ఉంచాలి. నీళ్లు పట్టడం కూడా ఓపీసీకి కనీసం ఏడు రోజులైతే దీనికి పది. మే నెల ఎండలో మొదటి ప్రమాదం ఇంకా ముందే ఉంది. పోసిన రెండు మూడు గంటల్లోనే పైన తడి ఆరిపోయి వెంట్రుక వాసి పగుళ్లు వస్తాయి, అందుకని వెంటనే పాలిథిన్ కప్పి, మర్నాడు మళ్లు కట్టి నీళ్లు నిలపాలి. శ్లాబుకి ఇది చాలామంది చేస్తారు. పిల్లర్ల సంగతే మర్చిపోతారు. వాటికి గోనె పట్టా చుట్టి రోజుకు నాలుగైదుసార్లు తడపాలి, రెండుసార్లు పైపుతో కొట్టి వదిలేస్తే అరగంటలో ఆరిపోతుంది.

పునాది దగ్గర అసలు కెమెరానే ఉండదు. గుంటూరు నల్లరేగడి ఎండాకాలం నెర్రెలు విచ్చుతుంది, వానాకాలం ఉబ్బుతుంది. నాలుగడుగులు తవ్వి మామూలు ఫుటింగ్ (పిల్లరు కింద వెడల్పాటి కాంక్రీటు దిమ్మ) వేస్తే ఇల్లు ఏటా లేచి దిగుతుంది, కిటికీ మూలల నుంచి ఏటవాలు పగుళ్లు మొదలవుతాయి. దీనికి రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ) వాళ్లు తయారుచేసిన అండర్‌రీమ్డ్ పైల్ ఉంది. మూడున్నర మీటర్లో ఇంకా ఎక్కువో లోతుకి గుంత వేసి, అడుగున కాండానికి రెండున్నర రెట్ల వెడల్పున గుమ్మడికాయలా బుడిపె చేసి కాంక్రీటు పోస్తారు. పైన బీముకీ నేలకీ మధ్య కనీసం 80 మిల్లీమీటర్లు ఖాళీ వదలాలి. ఆ ఖాళీని ‘ఎలుకలు దూరతాయి’ అని మట్టితో పూడ్చేస్తే పైలు పెట్టిన ఖర్చంతా వృథా, ఉబ్బిన నేల బీమునే పైకి తోస్తుంది. వాస్తు కార్యక్రమాలు ఈశాన్యంలో సంపు అంటాయి, మంచిదే. ఎప్పుడు తవ్వాలో చెప్పవు. పిల్లర్లు లేచాక, పక్కనున్న ఫుటింగ్ కన్నా లోతుగా తవ్వితే దాని కిందున్న మట్టి వదులవుతుంది. సంపు ముందు కట్టి తర్వాత ఫుటింగ్ వేయాలి. ఆ సంపు కారిందంటే రేగడి ఆ ఒక్క మూలే ఉబ్బుతుంది.

బెజవాడకైతే మెరక ముఖ్యం. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్ నగర్‌ని ముంచాక కూడా కార్యక్రమాల్లో ఎలివేషన్ లైట్లే కనిపిస్తున్నాయి. గడప రోడ్డుకి ఎంత ఎత్తున ఉంది, మీటరు బోర్డు ఎక్కడ పెట్టారు అని అడిగిన యాంకరు లేరు. సీసీ రోడ్డు మీద మళ్లీ రోడ్డు వేసిన ప్రతిసారీ మన గడప ఆ మేరకు కుంగినట్టే.

డబ్బు దగ్గరా అంతే. స్పాన్సర్డ్ కార్యక్రమంలో ‘చదరపుటడుగుకి ఇంత’ అని ఒకే అంకె వినిపిస్తుంది. అందులో బోరు, సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ ఉన్నాయో లేవో చెప్పరు. కొలత గోడ బయటి నుంచా, సన్‌షేడ్‌తో కలిపా అన్నదీ చెప్పరు. లేబర్ కాంట్రాక్టా, మెటీరియల్‌తో సహానా? సంతకం అయ్యాక తగవులన్నీ ఇక్కడే వస్తాయి.

అందుకని చానెళ్లవాళ్లకు మీ పత్రిక ద్వారా ఒక మనవి. ఒక్క ఇల్లు తీసుకోండి, మధ్యతరగతివాళ్లది, నాలుగైదు సెంట్లలో. ఏడాదంతా వెంట ఉండండి. జాకీలు అలాగే ఉండి ఎవరూ ఏమీ చేయని పద్నాలుగు రోజుల్లో కూడా వారానికోసారి వెళ్లి, శ్లాబు మీద నీళ్లున్నాయో లేవో చూపించండి. క్యూబులు ల్యాబుకి వెళ్లినప్పుడు వెంట వెళ్లండి, వచ్చిన అంకె తక్కువైనా చెప్పండి. ప్రతి నెలా బిల్లులు తెర మీద పెట్టండి. సిమెంటు కంపెనీ ప్రకటన వేసుకోండి, కాదనం. యాంకరు నోట మాత్రం వద్దు.

గుంటూరులోనైతే మొదటి భాగం ఏప్రిల్లో తీయండి. నెర్రెలోకి ఒక కడ్డీ దించి ఎంత లోతు పోయిందో టేపుతో కొలవండి. ఆగస్టులో మళ్లీ అదే చోటికి వెళ్లి అదే కడ్డీ దించి చూడండి.

ఇట్లు,
ఒక సైట్ ఇంజినీరు,
బ్రాడీపేట, గుంటూరు