కంచె తీగ మీదే ఆగిపోతున్న లెన్సు గురించి ఫిర్యాదు

మహబూబ్‌నగర్

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: 70–300 ఎంఎం లెన్సులో ఫోకస్ లిమిటర్ స్విచ్ (దగ్గరి వస్తువుల మీద ఫోకస్ పడకుండా ఆపేది) పనిచేయకపోవడం, సర్వీస్ సెంటర్ వాళ్లు లోపమేమీ లేదని తిప్పి పంపడం గురించి.

అయ్యా,

మహబూబ్‌నగర్‌లో నాకు ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు లేని రోజుల్లో జంతువుల ఫోటోలు తీయడమంటే నాకు ప్రాణం. మీ లెన్సు కొన్నది కూడా అందుకే. జూలో తీయడానికి ఇది బాగా పనికొస్తుందని అట్టపెట్టె మీద మీరే అచ్చు వేశారు. వారంటీ ఇంకా ఉంది, బిల్లు నకలు జతచేశాను.

లెన్సు పక్కనున్న స్విచ్‌ను దూరం వైపు జరిపితే మూడు మీటర్ల లోపు ఉన్నదేదీ ఆటోఫోకస్ పట్టదని మీ మాన్యువల్‌లో ఉంది. నా లెన్సులో ఆ స్విచ్ ఎటున్నా ఒకటే. హైదరాబాద్ నెహ్రూ జూలో పులి ముందు కందకమే తప్ప జాలి అడ్డం లేని చోట ఏ ఇబ్బందీ రాలేదు. చిరుత దగ్గరికి వచ్చేసరికి బయటపడింది. అక్కడ రేలింగ్‌కూ జాలికీ మధ్య సుమారు ఒకటిన్నర మీటరు ఖాళీ ఉంది. చిరుత బాగా లోపల, నీడలో పడుకుని ఉంది. ఒకే చుక్క మీద ఫోకస్ చేసే సింగిల్ పాయింట్ పెట్టి, ఆ చుక్కను దాని కంటి మీద ఉంచి బటన్ సగం నొక్కితే, లెన్సు అటూ ఇటూ తిరిగి వచ్చి తీగ మీద ఆగింది. మొదటి ఫోటో చూడండి. రెండు తీగలు మెలిపడిన చోట తుప్పు పొరలు, ఆ తుప్పుకు అంటుకున్న వెంట్రుక కూడా స్పష్టంగా కనబడతాయి. వెనకున్న చిరుత ఒట్టి పసుపు మరక.

రెండో ఫోటో అదే చోట, అదే 300 ఎంఎం, అదే ఎఫ్ 5.6 అపెర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) తో చేత్తో ఫోకస్ తిప్పి తీసింది. కన్ను, మీసాలు చక్కగా వచ్చాయి, తీగ ఆనవాలు కూడా లేదు. అపెర్చర్ పూర్తిగా తెరిచి, జంతువు జాలికి దూరంగా ఉంటే సన్నని తీగ అలాగే కరిగిపోతుంది. అంటే మీ అద్దాలు మంచివే, ఆ మాట సంతోషంగా చెబుతాను. లోపమంతా స్విచ్‌లోనో, దాని వెనకున్న సర్క్యూట్‌లోనో ఉంది. మా పిల్లలమర్రి జింకల పార్కులోనూ ఇదే తంతు.

హైదరాబాద్‌లోని మీ సర్వీస్ సెంటర్ జాబ్ షీట్ మీద "లోపం లేదు, కంచె అడ్డు వల్ల సమస్య" అని రాసి ఇచ్చారు. కంచెనే తీసేసి చూద్దామని స్టూడియోలో ఒకటిన్నర మీటరు దూరంలో దినపత్రిక వేలాడదీసి, స్విచ్ దూరం వైపు పెట్టి నొక్కాను. అక్షరాలకు ఠక్కున ఫోకస్ అయింది. స్విచ్ పనిచేసేదైతే అసలు కాకూడదు. ఈ పరీక్షకు నిమిషం కూడా పట్టదు, మీ కౌంటర్‌లో ఎవరూ చేసి చూడలేదు.

ఇంతకన్నా నన్ను బాధపెట్టింది మరొకటి. "రేలింగ్ దాటి, లెన్సును జాలికి ఆనించి తీయండి సార్" అని మీ ఉద్యోగి సలహా ఇచ్చాడు. జాలికి ఆనిస్తే తీగ కనబడదన్నది ఫోటోలు తీసే అందరికీ తెలుసు, అనుమతి ఉన్నచోట నేనూ అలాగే తీస్తాను. కానీ చిరుత ముందు ఆ రేలింగ్ పెట్టింది మన ప్రాణం కోసం, దాని ప్రశాంతత కోసం. జూ జంతువులను ఇబ్బంది పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇదే మాట విని ఏ కుర్రాడో రేలింగ్ దాటితే జవాబుదారీ ఎవరు? దయచేసి ఈ సలహా ఇంకెవరికీ ఇవ్వకుండా మీ సిబ్బందికి గట్టిగా చెప్పండి.

లెన్సును ఉచితంగా బాగుచేయండి, కుదరకపోతే కొత్తది ఇవ్వండి. జాబ్ షీట్‌లో రాసింది తప్పని లిఖితంగా సరిచేయండి. ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే మహబూబ్‌నగర్ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. నివాసమున్న జిల్లాలోనే కేసు వేసుకునే హక్కు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది.

లెన్సు ప్యాక్ చేసి స్టూడియోలో ఉంచాను. కొరియర్ మనిషిని ఆదివారం తప్ప ఏ రోజు పంపినా ఇస్తాను. ఈసారి పరీక్షించేటప్పుడు స్విచ్ దూరం వైపు పెట్టి, ఒకటిన్నర మీటరు దగ్గర పేపరు ఉంచి చూడమని టెక్నీషియన్‌కు చెప్పండి.

ఇట్లు,
మీ వినియోగదారుడు