లిథియం వాడేవారికి ఎండాకాలం గండం: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

మా అన్నయ్య పదకొండేళ్లుగా బైపోలార్ జబ్బుకు (మితిమీరిన ఉత్సాహం, తీవ్రమైన కుంగుబాటు మారిమారి వచ్చే మానసిక జబ్బు) లిథియం మాత్రలు వాడుతున్నాడు. ఉద్యోగమూ సంసారమూ నిలబెట్టుకున్నది ఆ మాత్రల వల్లే కనుక, ఈ లేఖ మందు మీద ఫిర్యాదు కాదని ముందే మనవి చేసుకుంటున్నాను.

కిందటి మే నెలలో మోకాళ్ల నొప్పికి మందుల షాపులో డైక్లోఫెనాక్ కొని మింగడం మొదలుపెట్టాడు. బీపీ ఉందని ఎవరో అంటే ఉప్పు దాదాపు మానేశాడు. పని మీద ఎండలో తిరిగాడు. ఐదో రోజుకు చేతులు వణికాయి, వాంతులు పట్టుకున్నాయి, మాట ముద్దగా వచ్చింది, నడక తూలింది. వీధిలో వాళ్లు తాగాడనుకున్నారు; ఆసుపత్రిలో వడదెబ్బ అన్నారు. రక్తంలో లిథియం ఎంతుందో చూడాలని రెండు రోజులకు గానీ ఎవరికీ తోచలేదు. తోచాక, ఆ పరీక్ష మా ఊళ్లో లేక నమూనా గుంటూరు పంపాల్సి వచ్చింది. వచ్చిన అంకె 2.3.

ఆ అంకె సాధారణంగా 0.6కూ 1.0కూ మధ్య ఉండాలనీ, 1.5 దాటితే విషలక్షణాలు కనిపిస్తాయనీ మీ శాఖ వైద్యులకు తెలిసిందే. రెంటికీ మధ్య ఉన్న సందు ఎంత ఇరుకో రోగి ఇంట్లో వాళ్లకు ఎవరూ చెప్పరు. ఒంట్లో ఉప్పూ నీరూ తగ్గినప్పుడు మూత్రపిండాలు సోడియంను వెనక్కి లాక్కుంటూ దానితోపాటు లిథియంను కూడా లాక్కుంటాయి; డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలూ, కొన్ని బీపీ మందులూ లిథియం బయటికి పోకుండా అడ్డుపడతాయి. అందరికీ మంచిదైన 'ఉప్పు తగ్గించండి' అన్న సలహా వీరి విషయంలో, అదీ డాక్టరును అడగకుండా పాటిస్తే, కీడు చేస్తుంది. రెంటచింతల ఎండ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. ఆలస్యమైతే మెదడుకు జరిగే నష్టం కొందరిలో శాశ్వతంగా మిగులుతుంది.

వాడే మందు దుష్ఫలితాలను రోగికి అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 22వ సెక్షన్ ఇచ్చింది. మా అన్నయ్య మందు పెట్టెలో దొరికింది చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాల కాగితం. (మరో మానసిక జబ్బు మందైన క్లోజపైన్ వాడేవారి గతీ ఇంతే: అరుదుగా తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి గనుక జ్వరమో గొంతునొప్పో వస్తే వెంటనే రక్తపరీక్ష చేయించాలని ఎందరికి తెలుసు?)

నేను కోరేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. లిథియం పరీక్ష ప్రతి జిల్లా ఆసుపత్రి ల్యాబులో, అదే రోజు ఫలితం వచ్చేలా ఉండాలి. మందు ఇచ్చేటప్పుడే జేబులో పట్టే తెలుగు కార్డు ఒకటి ఇవ్వాలి; ఏ నొప్పి మాత్రలు కూడదో, వాంతులు విరేచనాలైతే ఏం చేయాలో అందులో రాసి ఉండాలి. వడదెబ్బ జాగ్రత్తల గురించి ఆశా కార్యకర్తలకు ఇచ్చే సూచనల్లో 'మానసిక జబ్బుకు మందులు వాడుతున్నారా?' అనే ప్రశ్న చేర్చాలి. దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ ఫార్మకోవిజిలెన్స్ టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024ను ప్రతి ఆసుపత్రి మందుల కౌంటరు దగ్గర తెలుగులో రాయించాలి. ఆ నంబరుకు రోగి బంధువులు కూడా ఫోన్ చేయవచ్చని నాకు ఇంత జరిగాక తెలిసింది.

అన్నయ్య కోలుకున్నాడు, డాక్టరు తగ్గించిన మోతాదులో అదే మాత్ర వేసుకుంటున్నాడు. కుడిచేతి వణుకు మాత్రం పూర్తిగా పోలేదు. మీ ఉత్తర్వులు ఏప్రిల్ లోపు జిల్లాలకు చేరితే ఈ ఎండాకాలానికే అక్కరకు వస్తాయి.

భవదీయుడు,
ఒక రోగి తమ్ముడు,
పల్నాడు జిల్లా