అమ్మ ఇంటికొచ్చింది. అందరికీ దండాలు

నిన్న తెల్లవారుజామున మా అమ్మ కువైట్ నుంచి చెన్నైలో దిగింది. మధ్యాహ్నానికి రాజంపేట చేరాం. మూడు రాత్రులుగా నిద్ర లేదు. అయినా ఇది రాయకుండా పడుకోలేను.

కద్దామా (ఇంటి పనిమనిషి) వీసా మీద పోయిన అమ్మకు ఏడు నెలల జీతం ఇవ్వలేదు. పాస్‌పోర్టు కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) దగ్గర. ఫోనూ లాగేసుకున్నారు. జూలైలో ఒక మధ్యాహ్నం చెత్త పడేయడానికి కిందికి దిగి, అట్నుంచి అటే నడిచేసింది. కాళ్ళకు చెప్పుల్లేవు. అక్కడి జూలై ఎండ ఎట్లుంటుందో పోయినవాళ్ళకు తెలుసు.

రెండు వీధుల అవతల ఒక బిల్డింగ్ వాచ్‌మన్, బంగ్లాదేశ్ ఆయన, అమ్మను మెట్ల కింద తన గదిలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు. బొబ్బలెక్కిన కాళ్ళు చూసి తన చెప్పులు విడిచి ముందు పెట్టాడు. టాక్సీ పిలిచి, డబ్బులు తనే కట్టి, మన ఎంబసీకి పంపాడు. పారిపోయిన పనిమనిషికి సాయం చేస్తే తన అకామాకే (అక్కడ ఉండే అనుమతికే) ముప్పని ఆయనకు తెలియదా? పేరడిగితే చెప్పలేదట. "జావ్ బెహన్, జావ్" అన్నాడట.

అమ్మ ఎయిర్‌పోర్టు బయటికి ఆ చెప్పులతోనే వచ్చింది. నీలం పట్టీల మగవాళ్ళ హవాయి చెప్పులు, మడమ వెనక రెండు వేళ్ళు మిగిలేంత పెద్దవి. ఎడమదానికి పిన్నీసు. కొత్తవి కొంటానంటే వద్దంది. అన్నా, ఇది మీరు చదవలేరు. ఆ ఎండలో మీరు వట్టి కాళ్ళతో ఎట్లా తిరిగారో తలచుకుంటే ఏడుపు ఆగడం లేదు.

నాన్న, తమ్ముడు, మామ అప్పులు తెచ్చి తిరిగారు. వాళ్ళకు వేరే చెప్పాలా.

ఒక్కటి అడక్కపోతే కడుపుమంట ఆరదు. ఇంటిపనివాళ్ళకు రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదని, వారానికో సెలవని కువైట్ 2015లోనే చట్టం చేసింది. అమ్మకు ఒక్క శుక్రవారమూ సెలవు లేదు. వలస కార్మికుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 1990లో ఒప్పందం తెచ్చింది. అందులో చేరిన దేశాలు జెనీవాలో ఒక కమిటీకి జవాబు చెప్పుకోవాలి. కువైట్ చేరలేదు. మన దేశమూ చేరలేదు! మరి మా అమ్మ కోసం అడిగేదెవరు? ఇక్కడ ఫిర్యాదు తీసుకున్న ఆఫీసులో మూడు నెలలు "ఏజెంటునే అడగండి" అన్నారు. ఆ జీతం ఇంకా రాలేదు.

అయ్యో, మరిచాను. ఎంబసీ షెల్టర్‌లో నలభై రోజులు అమ్మను కనిపెట్టుకున్న కోనసీమ అక్కలు, పాస్‌పోర్టు లేనివాళ్ళు ఇంటికి రావడానికిచ్చే ఔట్‌పాస్ కాగితాలు నింపిన మలయాళీ అన్న. డీజిల్ డబ్బులే తీసుకుని చెన్నైకి కారు తోలిన ఎదురింటి మామ కూడా. ఇంకెవరైనా గుర్తొస్తే కింద రాస్తాను.