తోట సోలార్ బ్యాటరీ ఇంకెన్నాళ్లు వస్తుంది?

నిన్న కళ్యాణదుర్గం అన్న అడిగినారు కదా, మూడేళ్ల బ్యాటరీ మార్చాల్నా వద్దా అని. వాయిస్ పెడితే మళ్లీ ఎవరికీ దొరకదు, అందుకే రాస్తున్నా.

వయసు చూసి మార్చొద్దు. పగలు మీటర్ పెడితే 13.5, 14 వోల్టులు చూపిస్తుంది. అది ప్యానెల్ గొప్ప, బ్యాటరీది కాదు. సాయంత్రం నిండినాక ప్యానెల్, లోడు (ఫ్యాన్లు, లైట్లు) రెండూ ఆపేసి పొద్దున్నే చూడండి. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలో 12.6, 12.7 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగమే.

అదీ పూర్తిగా నమ్మొద్దు. నాది పొద్దున 12.5 చూపించింది, రాత్రి రెండు ఫ్యాన్లకే గంటలో కట్ అయింది. హైడ్రోమీటర్ (యాసిడ్ చిక్కదనం కొలిచే గొట్టం) పెట్టి చూస్తే బ్యాటరీలోని ఆరు గడుల్లో (సెల్స్) ఐదింట్లో 1.25 పైన, మూడో గడిలో మాత్రం 1.18! గడికీ గడికీ 0.05 దాటి తేడా ఉండి, బాగా ఛార్జ్ పెట్టినా తగ్గకపోతే ఆ గడి పోయినట్టే. (కళ్లద్దాలు పెట్టుకోండి, యాసిడ్ చింది నా లుంగీకి రెండు చిల్లులు పడినాయి.)

లిథియందానికి ఈ లెక్క పనికిరాదు, చివరిదాకా వోల్టేజీ దాదాపు కదలదు. 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్) దాన్ని నిండా ఎక్కించి 20 ఆంపియర్ల లోడు పెట్టండి. ఐదు గంటలు రావాల. నాలుగుకి దిగితే 80 శాతానికి పడినట్టు, మార్చే రోజులు దగ్గరపడినాయి అనుకోవాల.

ఇంకోటి, రేకుల షెడ్డులోంచి బ్యాటరీ తీసేయండి సామీ. 25 డిగ్రీల మీద ప్రతి 10 డిగ్రీలకీ లెడ్ యాసిడ్ ఆయుష్షు దాదాపు సగమవుతుంది, మన అనంతపురం ఎండలు తెలిసినవే. లెడ్ యాసిడ్ బ్యాటరీలో బోరు నీళ్లు మాత్రం పోయొద్దు, డిస్టిల్డ్ వాటరే.

హైడ్రోమీటర్ నా దగ్గరుంది, కావాలంటే ఆదివారం వచ్చి తీసుకుపోండి.