నాలుగు తిడితేగానీ పని జరగదన్నావు కదా

విజయవాడ

ఒరేయ్ శేఖరా,

ఎలా ఉన్నావు? నువ్వు బ్రాంచ్ మేనేజర్‌వి అయ్యావని తెలిసి మా ఇంట్లో అందరం సంబరపడ్డాం. అమ్మయితే మీ అమ్మగారికి ఫోన్ చేసి అరగంట మాట్లాడింది. కాకినాడ రూములో ఒకే పరుపు మీద పడుకుని బ్యాంకు పరీక్షలకు చదివిన రోజులు గుర్తొచ్చాయి నాకు. కానీ ఆ రోజు ఫోన్‌లో ఒక మాటన్నావు, "నాలుగు తిడితేగానీ పని జరగదురా" అని. అప్పుడు ఊరుకున్నాను గానీ, పది రోజులుగా ఆ మాట నన్ను వదలడం లేదు. ఫోన్‌లో చెబితే మధ్యలో అడ్డం పడతావు, అందుకే రాస్తున్నాను.

నిరుడు నీ ఫోన్లు ఎందుకు ఎత్తలేదో ఇంతవరకూ చెప్పలేదు. మా ఏరియా మేనేజర్ రోజూ సాయంత్రం ఏడింటికి రివ్యూ కాల్ పెట్టేవాడు. పదకొండు బ్రాంచులు లైన్లో ఉండేవి. టార్గెట్ తగ్గినవాణ్ణి అందరూ వింటుండగా "నీకు జీతం ఎందుకివ్వాలో చెప్పు" అని నిలదీసేవాడు. కొన్ని రోజులు అసలు నా పేరే పిలిచేవాడు కాదు. అది ఇంకా భయం. ఆరున్నర అయ్యేసరికి అరచేతులకు చెమట పట్టేది. ఆదివారం మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుంటే చాలు, సోమవారం టెన్షన్ మొదలు. ముప్పై ఆరేళ్లకే బీపీ మాత్రలు పడ్డాయి.

ఈ ఉద్యోగమంటే నాకెంత ఇష్టమో నీకు తెలుసు. కౌంటర్ దగ్గరికొచ్చిన పెద్దాయనకు ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ లెక్క కాగితం మీద వేసి చూపించడంలో ఎంత తృప్తి ఉండేదో. అదే పెద్దాయన ఎదురుగా కూర్చుంటే, ఈయనకు ఇన్సూరెన్స్ పాలసీ అంటగట్టొచ్చా అని చూసే స్థితికొచ్చాను. అంటగట్టాను కూడా. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అంతకంటే ఘోరం ఇంట్లో జరిగింది. ఒక రాత్రి పాప భాగహారం తప్పు చేసింది. "నీకు స్కూలు ఫీజు ఎందుకు కట్టాలో చెప్పు" అన్నాను. ఆ మాట ఎవరిదో నాకు వెంటనే తెలిసింది. పాప ఏడవలేదు రా. పెన్సిల్ కింద పెట్టి, తల దించుకుని "సారీ నాన్నా" అంది. రోజూ నేను ఫోన్‌లో "సారీ సర్" అనే గొంతు అది.

ఆ తర్వాతే, పైఅధికారి కిందివాళ్లను ఇలా కించపరచడం గురించి వెతికి చదివాను. బెన్నెట్ టెప్పర్ అనే అమెరికా ఆయన 2000లోనే దీనిమీద పరిశోధన చేశాడు. చెయ్యి చేసుకోకపోయినా సరే, మాటలతో, ముఖం తిప్పుకోవడంతో అదే పనిగా కించపరిస్తే ఉద్యోగం మీదే కాదు, బతుకు మీదే తృప్తి పోతుందని, ఉద్యోగానికీ ఇంటికీ మధ్య ఘర్షణ పెరుగుతుందని తేల్చాడు. మానేసి వెళ్లే దారి లేనివాళ్లకు ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుందట. ఇంటి అప్పు ఈఎమ్ఐ ఉన్న నాకు ఆ వాక్యం వేరేగా వివరించక్కర్లేదు. జపాన్‌లో 2020 జూన్ నుంచి పెద్ద కంపెనీలు ఇలాంటి వేధింపులను అడ్డుకునే ఏర్పాట్లు చేయాలని చట్టమే ఉంది.

తిడితే పని జరుగుతుందా అంటే, తప్పులు దాచడం జరుగుతుంది. మా బ్రాంచిలో ఒక ఖాతాకు కేవైసీ కాగితాలు తారుమారయ్యాయి. చెబితే తిడతాడని ముగ్గురం మూడు వారాలు నోరు మెదపలేదు. ఒక్క రోజులో సర్దుకునేది ఆడిట్ దాకా వెళ్లింది.

ట్రాన్స్‌ఫర్ మీద ఇక్కడికొచ్చి ఐదు నెలలైంది. టార్గెట్లు ఇక్కడా అవే, ఒత్తిడీ అంతే. కాకపోతే ఈ మేడమ్ లెక్క తగ్గితే లోపలికి పిలిచి, తలుపేసి "ఎక్కడ ఆగిపోయింది?" అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకు నేను నిజం చెప్పగలుగుతున్నాను.

నీ కింద ఎనిమిది మంది ఉన్నారన్నావు. కొత్తగా చేరిన శ్రీకాకుళం కుర్రాణ్ణి అందరి ముందూ మొద్దు అన్నానని కూడా చెప్పావు. రేపు వాణ్ణి ఒక్కణ్ణే పిలిచి మాట్లాడు రా. మన శేఖర్ ఫోన్ మోగితే ఎవరికో చేతులు చెమట పట్టడం నేను భరించలేను.

రెండో శనివారం వస్తున్నాను, అమ్మగారితో చెప్పు. పాప లెక్కల నోటు ఇంకా వాళ్లమ్మకే చూపిస్తోంది. నేనేమీ అడగడం లేదు, రోజూ పక్కన కూర్చుంటున్నాను.

నీ
రఘు