మా గెడ్డ మీద ఇప్పుడు ఎగిరేవి ఆ తూనీగలు కావు: అటవీ, పర్యావరణ శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు నమస్కారాలు.

అయ్యా, నేను అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతున్నాను. మా ఊరి పక్క గెడ్డకి, అంటే కొండవాగుకి, పర్యాటకుల కోసం గోడ కట్టాక అక్కడి తూనీగలు పోయాయని రెండేళ్లలో ఐదు అర్జీలు పెట్టాను. ఐదు రసీదులూ నా దగ్గర ఉన్నాయి. మొన్న ఫోనుకి మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడినది అని. ఏం పరిష్కరించారో తెలుసుకుందామని సెలవు పెట్టి, రెండు బస్సులు మారి వెళ్లాను. ఫైలు తీసి ఒక్క లైను చూపించారు. "సదరు స్థలమును తనిఖీ చేయగా తూనీగలు సమృద్ధిగా కలవు."

ఆ లైను చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తనిఖీకి వచ్చినాయన అబద్ధం రాయలేదండీ. తూనీగలు నిజంగానే ఉన్నాయి. గోడ కట్టాక నిలిచిన నీటి మీద గుంపులు గుంపులుగా తిరుగుతున్నాయి. కానీ నేను అర్జీలో రాసినవి అవి కావు. ఆ తేడా చెప్పడానికి ఐదుసార్లు ప్రయత్నించాను. ఇప్పుడు మీకే నేరుగా చెప్పుకుంటున్నాను.

గెడ్డల దగ్గర చేపట్టిన పర్యాటక సదుపాయాల పనులు మీకు తెలియనివి కావు, వాటి వివరాల్లోకి వెళ్లను. గెడ్డ పేరు, ఊరి పేరు అర్జీల్లో ఉన్నాయి. ఇక్కడ రాస్తే వచ్చే ఆదివారానికి ఇంకో యాభై కార్లు వస్తాయన్న భయంతో రాయడం లేదు. పని చేసిన శాఖ పేరు కూడా రాయను. ఎవరినో దోషిగా నిలబెట్టడం నాకు ముఖ్యం కాదు.

పనులు మొదలవకముందు అక్కడ ఏముండేదో చెప్పనివ్వండి. ఉదయం పది గంటలప్పుడు, ఏరుమద్ది కొమ్మల సందుల్లోంచి ఎండ నీటి మీద పడే వేళకి పిల్లల్ని తీసుకెళ్లేవాణ్ణి. నీటి మధ్యలో ఒక రాయి ఉండేది. దాని మీద పచ్చటి ఒంటితో ఒక సూది తూనీగ రెక్కలు మూసుకుని కూర్చునేది. ఇంగ్లీషులో దీన్ని స్ట్రీమ్ గ్లోరీ అంటారు. మూసుకుని ఉన్నంతసేపూ పెద్దగా కంటికి ఆనదు. ఇంకో మగది దాని హద్దులోకి వస్తే అప్పుడు రెక్కలు విప్పుతుంది. ముందు రెక్కలు గాజులా ఉంటాయి. వెనక రెక్కలు నెమలికంఠం రంగులో భగ్గుమంటాయి. మళ్లీ మూసుకుంటుంది, ఆ రంగు మాయమైపోతుంది. మొదటిసారి చూసిన పిల్లలు ఒక్క క్షణం నోరెత్తరు. తర్వాత అందరూ ఒకేసారి అరుస్తారు. పాఠంలో ఆర్థ్రోపొడా, అంటే కీళ్ల కాళ్ల జీవులు, అని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది ఆ ఒక్క క్షణంలో ఎక్కేది.

ఆ పక్కనే, నీళ్లలో సగం మునిగి నానిపోయిన ఒక చెట్టు మొద్దు. దాని మీద స్ట్రీమ్ రూబీలనే ఇంకో రకం సూది తూనీగలు. అంగుళమున్నర కూడా ఉండవు. నల్లటి ఒళ్లు, దాని మీద కెంపు రంగు, రెక్కల చివర్లో తళుకు. ఒడ్డున నీడలో, ఎప్పుడూ ఎండ తగలని పొదల దగ్గర ఫారెస్ట్ గ్లోరీలనే మరో రకం. మా పిల్లలు మూడు నోటుబుక్కుల నిండా ఇవన్నీ రాసుకున్నారు, తేదీతో సహా, బొమ్మలతో సహా. కాపీలు మూడో అర్జీకి జతచేశాను. ఎక్కడున్నాయో ఇప్పుడు ఎవరూ చెప్పలేకపోతున్నారు.

తర్వాత జేసీబీ వచ్చింది. ఐదు రోజులు పనిచేసింది. గెడ్డలో ఉన్న మొద్దులన్నీ చెత్త అన్నారు. లాగి ఒడ్డున పోసి కాల్చేశారు. రాళ్లు తీసి గోడకి వాడుకున్నారు. నీటిలోకి దిగిన వేళ్లు అడ్డమని నరికారు. రెండు పక్కలా సిమెంటు మెట్లు, కింద చిన్న చెక్‌డ్యామ్, జనం స్నానాలకి మడుగు, మడుగు మీద ఎండ పడాలని చెట్లు కొట్టేశారు. చూడ్డానికి శుభ్రంగా ఉంది, ఆ మాట ఒప్పుకుంటాను. ప్రారంభోత్సవం రోజున నేనూ వెళ్లాను.

ఆ ఐదు రోజుల్లో ఏం పోయిందో ఒక్కొక్కటిగా వినండి. వాళ్లు చెత్త అన్న ఆ నానిన మొద్దులోనే స్ట్రీమ్ రూబీ ఆడది గుడ్లు పెడుతుంది. నరికిన వేళ్లలోనూ నీటి మొక్కల కాడల్లోనూ స్ట్రీమ్ గ్లోరీ గుడ్లు పెడుతుంది. ఎత్తిపోసిన ఇసకలో ఇంకో జాతి తూనీగ పిల్లలు కళ్లు మాత్రమే బయటపెట్టి కూరుకుపోయి ఉంటాయి. తూనీగ అంటే మనకి రెక్కలే గుర్తొస్తాయి. కానీ రెక్కలతో అది బతికేది కొన్ని వారాలు. అంతకుముందు నెలల తరబడి, కొన్ని జాతులైతే ఏడాదికి పైగా, నీటి అడుగున రాళ్ల కిందే బతుకుతుంది. చాలా రకాల సూది తూనీగల పిల్లలకి తోక చివర ఆకుల్లాంటి మూడు మొప్పలుంటాయి. వాటితో నీటిలోని ప్రాణవాయువు తీసుకుంటాయి. పారే చల్లటి నీళ్లలో అది బాగా దొరుకుతుంది. నీడ పోయి, నీరు నిలిచి, వేడెక్కితే దొరకదు. జేసీబీ తొట్టిలోకి రాళ్లూ ఇసకా ఎత్తినప్పుడు రాబోయే రెండు సీజన్ల తూనీగలు కూడా అందులో లేచిపోయాయి. ఆ కుప్ప దగ్గర నేను వంగి వెతికాను. రాళ్లకి ఇంకా కరుచుకుని ఎండిపోయిన కుబుసాలు కనిపించాయి, బొటనవేలి గోరంతవి, కాళ్లు అలాగే పట్టుకుని. జేబు రుమాలులో వేసుకొచ్చి ల్యాబ్‌లో అగ్గిపెట్టెలో దాచాను. ఆ అగ్గిపెట్టె మీ కార్యాలయానికి తీసుకొచ్చి చూపిస్తాను, ఐదు నిమిషాలు టైం ఇవ్వండి చాలు.

ఇప్పుడు "సమృద్ధిగా" ఉన్నవాటి సంగతి. అవి డిచ్ జ్యువెల్ అనే రకం. మగవి నారింజ రంగులో ఉంటాయి, రెక్కల మీద కూడా ఆ రంగు మరక ఉంటుంది. మన ఊళ్లలో మురికికాలవల మీద, పట్నాల్లో చెత్త చేరిన చెరువుల మీద తిరిగేవి ఇవే. మురికి నీళ్లను కూడా తట్టుకుని బతికే జాతి అది, దాని తప్పేమీ లేదు. కానీ కొండ మీద, అడవి మధ్య గెడ్డలో పచ్చరెక్కల తూనీగ కూర్చున్న రాయి దగ్గరికి ఆ నారింజ తూనీగ వచ్చిందంటే నీళ్లు ఏమయ్యాయో అర్థం చేసుకోవాలి కదండీ. డాక్టరు నాలిక చూసి జ్వరం చెప్పినట్టు, తెలిసినవాళ్లు తూనీగని చూసి నీళ్ల సంగతి చెబుతారు. నీటిని కొలిచే మిషన్ మా కాలేజీకి లేదు, మండలానికే లేదు. మాకున్న మిషన్ ఈ పురుగే. మొత్తం తూనీగల్ని లెక్కపెడితే ఇప్పుడే ఎక్కువ కనిపిస్తాయేమో. రకాలు లెక్కపెట్టమంటున్నాను నేను. ఒక్కరోజు రకాలు లెక్కపెట్టిస్తే ఈ ఉత్తరమే అక్కర్లేదు.

డిసెంబరు, జనవరిలో రద్దీ ఎలా ఉంటుందో మీకు తెలుసు. మడుగులో షాంపూ ప్యాకెట్లు, సబ్బు నురుగు, పక్కన బొంగు చికెన్ బండ్ల ఎంగిలి ఆకులు, పగిలిన సీసాలు. బండ్లు పెట్టుకున్నవాళ్లు మా ఊరివాళ్లే, నా దగ్గర చదువుకున్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల పొట్ట కొట్టమని నేను అడగడం లేదు. బండ్లు రోడ్డు మీద ఉండొచ్చు, జనం ఒడ్డున నిలబడి చూడొచ్చు. నీళ్లలో సిమెంటు ఎందుకు అన్నదొక్కటే నా ప్రశ్న. మా గెడ్డ కిందకి దిగి గోస్తనిలో కలుస్తుంది. గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా తాటిపూడి రిజర్వాయరుకి చేరుతుంది. అక్కణ్ణుంచి విశాఖపట్నానికి తాగునీరు పోతుంది. అంటే ఇక్కడ సబ్బు కడిగిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇంకొక మాట. ఏజెన్సీలో మలేరియా సీజన్ అంటే ఎంత టెన్షనో ఇక్కడ పిల్లల్ని కన్న ప్రతి తల్లికీ తెలుసు. నీళ్లలో ఉన్న తూనీగ పిల్లలు దోమ పిల్లల్ని తింటాయి, రెక్కలొచ్చాక దోమల్ని తింటాయి. మలేరియాని తూనీగలే ఆపేస్తాయని నేను చెప్పను, అది అతిశయోక్తి అవుతుంది. కానీ పారే గెడ్డకి అడ్డంగా గోడ కట్టి, పక్కన గుంటల్లో నీరు నిలబెట్టి, ఆ తర్వాత మందు కొట్టడానికి మనుషుల్ని పంపడం ఏం పద్ధతి?

2021 డిసెంబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ మొదటిసారి ప్రపంచంలోని తూనీగలన్నిటినీ పరిశీలించింది. 6,016 జాతుల్లో కనీసం 16 శాతం అంతరించే ప్రమాదంలో ఉన్నాయని తేల్చింది. మన దేశంలో దాదాపు 500 రకాలు, అందులో దాదాపు 200 పశ్చిమ కనుమల్లో ఉన్నాయి. మన తూర్పు కనుమల్లో ఎన్ని? అటువైపు జరిగినంత వెతుకులాట ఇటు జరగలేదు. కేరళలో పెరియార్ లాంటి అడవుల్లో అటవీశాఖే ఔత్సాహికుల్ని పిలిచి తూనీగల సర్వేలు చేయిస్తోంది. ఇక్కడ మేం ఉచితంగా చేసిపెడతామన్నా నోటుబుక్కులు పోగొడుతున్నారు. లెక్కరాయకముందే పోయినదాన్ని ఏ జాబితాలో వెతుక్కుంటాం?

చట్టాలు లేవని కాదు. గిరిజన ప్రాంతాలకి పంచాయతీ వ్యవస్థని విస్తరించిన 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకి అప్పగించాలంటుంది. ఈ పని గురించి గ్రామసభలో చర్చ జరిగినట్టు మా ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊరి చెట్టూ చేమా పిట్టా పురుగూ రాసిన రిజిస్టరు ఉండాలి. మా పంచాయతీ రిజిస్టరు చూపించమని అడిగాను. బీరువా తాళం వేరేవాళ్ల దగ్గర ఉందన్నారు. అది రెండో అర్జీ నాటి మాట. ఐదో అర్జీకి కూడా తాళం దొరకలేదు.

ఇంత పోయాక ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, అయ్యా, పైన ఇంకా కొంచెం మిగిలింది. గోడ నుంచి ఎగువకి నడిస్తే కాఫీ తోటలు దాటాక గెడ్డ మళ్లీ ఇరుకవుతుంది, నీడ చిక్కబడుతుంది. పోయిన నెల అక్కడ ఒక రాయి మీద పచ్చరెక్కల మగదాన్ని చూశాను. కాసేపటికి ఆడది కూడా కనిపించింది, గోధుమ రంగు రెక్కల మీద తెల్లటి చుక్కలతో. అక్కడే నేలమీద ముగ్గుపిండితో గీసిన గీతలు, పాతిన మేకులు కూడా చూశాను. రెండో దశ అట. వేసవిలో నీరు తగ్గాక మొదలుపెడతారట.

నేను అడిగేది చాలా చిన్నది. ఆ మేకులు పీకించండి. ఎగువ గెడ్డలోకి జేసీబీ దిగకుండా ఒక కాగితం ఇప్పించండి. గ్రామసభ పెట్టించండి. తనిఖీకి మళ్లీ మనిషిని పంపేటట్టయితే తూనీగల రకాలు తెలిసినవాళ్లని పంపండి, లేదంటే మా పిల్లల్ని వెంట తీసుకెళ్లమనండి, వాళ్లు చూపిస్తారు. కింద కట్టిన చెక్‌డ్యామ్‌లో నీరు పారడానికి కనీసం ఒక మూల దారి వదిలించండి. కొట్టేసిన చోట ఏరుమద్ది మొక్కలు మేమే నాటుతాం, నాటనివ్వండి చాలు. మొద్దుల్ని చెత్త అనొద్దని చెప్పండి. ఆ మేకులు మాత్రం ముందు పీకించండి.

ఈ లేఖని కూడా పరిష్కరించబడినదని మెసేజ్ పెట్టి ముగించొద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను. తొలకరికి ముందు మీకు వీలైన ఏ రోజైనా సరే, ఉదయం తొమ్మిదిన్నరకి రోడ్డు మీద దిగితే పది గంటలకి ఆ రాయి దగ్గర ఉంటాం. ఎండ దాని మీద పడేది ఆ వేళకే.

ఇట్లు,
ఏజెన్సీలో పనిచేస్తున్న ఒక జువాలజీ లెక్చరరు